నా చేతికొచ్చిన ఉస్తరా

మా ఆయన కుడిచెయ్యి పనికి రాకుండ పోయినప్పుడు నాకు ముప్పై ఆరేండ్లు. అప్పటిదాక నేను ఉస్తరా, అదే గడ్డం గీసే కత్తి, ముట్టింది ఒక్కసారే. మా బాపు నిజామాబాద్‌ల కటింగు షాపు నడిపేటోడు. నాకు ఏడేండ్లప్పుడు, ఆయన అన్నం తిననీకి ఇంట్లకు పోతే, బల్ల మీద తెరిచి పెట్టిన ఉస్తరా తీసి అంచుకు వేలు ఆనిచ్చి చూసిన. నొప్పేం తెల్వలే. వేలు మీద సన్నటి గీత కనబడ్డది. చూస్తుండంగనే ఆ గీత ఎర్రగైంది, తర్వాత నా లంగ నిండ రక్తం. కత్తిపీట తగిల్తే అరుస్తం, ముల్లు గుచ్చుకుంటే అరుస్తం. ఇది మాత్రం మనకు చెప్పకుండనే తెంపుతది. ఆనాటి నుంచి బాపు షాపు గడప తొక్కలే. బాపు గడ్డం గీస్తుంటే గూడ మొఖం అటు తిప్పుకునేదాన్ని.

పెండ్లి చేసి బోధన్ ఇచ్చిండ్రు. ఇక్కడ గూడ అదే పని. ముందట రెండు కుర్చీల షాపు, వెనుక ఇల్లు. నేను, మా అత్తమ్మ ఇంట్ల కూసోని బీడీలు చుట్టేది. షాపు మా ఆయనది, చాటలు మాయి. నడుమ ఒక పర్ద. పదిహేనేండ్లు నేను ఆ పర్ద దాటింది ఊడ్చేటందుకే.

ఒకనాడు ఆయన బండి మీద నిజామాబాద్ నుంచి వస్తుంటే, ఎడపల్లి దాటినంక చెరుకు లోడు ట్రాక్టరు మలుపు మీద అడ్డమొచ్చింది. పానం దక్కింది గని కుడి మణికట్టు నలిగిపోయింది. ఆపరేషన్ చేసి లోపల ప్లేట్లు ఏసిండ్రు. బొక్క అతికింది, నరం మాత్రం అతకలే. బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న కాయితం ముక్క పట్టుకోమన్నా పట్టు దొరకకపోయేది. నాలుగు నెలలు షాపు బందున్నది. పొద్దుగాల లేచి స్నానం చేసి, ఎప్పటి లెక్కనే అంగి తొడుక్కోని, గిరాకులు కూసునే కుర్చీల తనే పోయి కూసునేటోడు. అద్దంల తన మొఖం తనే చూసుకునేటోడు. గడ్డం పెరిగి, చెంపలు లోపలికి పోయి, ఎవరో పరాయి మనిషి లెక్క కనబడేటోడు.

ఒకనాడు పొద్దుగాల నన్ను పిలిచిండు.

"నువ్వు నేర్చుకో" అన్నడు.

"ఏంది?"

"గడ్డం గీసుడు."

నవ్వులాటకన్నడనుకోని నవ్విన. ఆయన నవ్వలే.

"కటింగు మిషన్‌తోని ఎడమచేత్తోనన్న ఎట్లనో చేస్త. ఉస్తరా ఎడమచేతికి రాదు. నిన్న పట్టి చూసిన, వణుకుతుంది."

"నాతోని కాదు. నాకు చూస్తేనే భయమైతది."

"భయం లేనోడు నేర్చుకుంటే నాకు భయమైతది. నువ్వు నేర్చుకో."

లోపల నుంచి మా అత్తమ్మ ఇన్నది. చాట పక్కకు పెట్టి వచ్చింది. "ఆడది మొగోళ్ల గదుమ పట్టుకోని గడ్డం గీస్తదారా? కులపోళ్లు మనల నిలబడనిస్తరా?" అన్నది. మా ఆయన తన చెయ్యి ఎత్తి తల్లి ముందట పెట్టిండు. బొటనవేలు వంచుదామని చూసిండు, అది వంగలే. అత్తమ్మ ఆ చెయ్యి దిక్కు జరసేపు చూసి, మళ్ల పోయి చాట ముందట కూసున్నది.

ఇప్పుడు అన్ని షాపులల్ల సగం బ్లేడు ఇరికించే ఉస్తరాలే. మనిషి మనిషికి బ్లేడు మారుస్తరు. మా ఆయన నాకు అది ఇయ్యలే. మా మామ వాడిన పాతది తీసిండు. అది పూర్తిగ ఉక్కు, సాన పట్టుకోవాలె, గీసే ముందట తోలు పట్టా మీద అటిటు రాసుకోవాలె. "బ్లేడుది అల్కగ ఉంటది, ఎటు పోతుందో తెల్వది. ఇది బరువు. బరువు చెయ్యికి బుద్ధి చెప్తది" అన్నడు.

పట్టుకునుడే వారం రోజులు పట్టింది. మూడు వేళ్లు ఉస్తరా వెన్ను మీద, చిటికెనవేలు తోక మీద, బొటనవేలు కింద. నా బొటనవేలు చెమటకు జారేది. "వెన్ను చెంపకు మొత్తం ఆనొద్దు, నిలువు లేవొద్దు. నడుమ చిటికెనవేలు పట్టేంత సందుండాలె. ఎంటిక ఎటు పండుకుంటే అటే గుంజు. ఎడమచేత్తోని చెంప తోలు సాపు చెయ్యి, గుంజి పట్టు. సాపున్న తోలు తెగది, ముడత తెగుతది. అడ్డం మాత్రం జరపకు. పానం పోయినా అడ్డం జరపకు." ఆయన ఆ ఆఖరు మాట అన్నప్పుడల్ల నా మెడ నేనే పట్టుకునేదాన్ని.

పిల్లలు ఆడుకునే గాలిబుగ్గల ప్యాకెట్టు తెచ్చిండు. ఒకటి ఊది, సబ్బు నురుగు పట్టించి నా ముందట పెట్టిండు. నురుగు పోవాలె, బుగ్గ పలగొద్దు. మొదటిది నేను ఆనిచ్చుడుతోనే ఢాంమని పలిగింది. నా చేతుల ఉస్తరా కిందపడ్డది, నేను గోడకు పోయి ఆనుకున్న. నురుగు నా కండ్లల్ల, ఆయన మొఖం మీద. లోపల అత్తమ్మ చాట బోర్లపడ్డది. ఎన్ని పలిగినయో చెప్పలేను. ప్రతి ఒక్కటి పలిగినప్పుడు, అది బుగ్గ కాదు, ఎవరిదో గొంతు అనిపించేది. చప్పుడు చెవులల్ల అట్లనే ఉండేది. బీడీలు చుడుతుంటే గూడ ఉలికిపడేదాన్ని.

మెల్లమెల్లగ పలుగుడు తక్కువైంది. అప్పుడు మా ఆయన కుర్చీల కూసోని తల వెనుకకు ఆనిచ్చిండు. "ఇగ నా మొఖం" అన్నడు.

పదిహేనేండ్లు కాపురం చేసిన మనిషి మొఖమే. గని గొంతు మీద నరం కొట్టుకునుడు నేను అంత దగ్గరికెళ్లి ఎప్పుడు చూడలే. చర్మం కింద చిన్న జీవం ఏదో బయటికి రావాలని చూసినట్టు ఎగిరి పడుతున్నది. దాని మీదికెళ్లి నేను ఇనుము జరపాలె. చెంపలు బాగనే అయినయి. సరిగ్గ పడితే ఒక చప్పుడొస్తది, ఎండుటాకు మీద గోరు గీసినట్టు. ఆ చప్పుడు వస్తున్నంతసేపు పర్వాలే. గదుమ కాడికి వచ్చేసరికి చప్పుడు ఆగింది. ఏమైందా అని చూస్తే, నురుగుల ఎర్రటి చుక్క లేచింది.

ఉస్తరా బల్ల మీద పడేసి పెరట్లకు ఉరికి వాంతి చేసుకున్న. తిరిగి వచ్చేసరికి ఆయన పటిక ముక్క గదుమకు ఒత్తుకోని కూసున్నడు.

"గింతనే. రక్తమంటే గింతనే. దా, మిగిలింది గియ్యి."

"రేపు గీస్త."

"రేపటికి ఇంకింత భయమైతది. దా."

ఆనాడు ఏడ్చుకుంటనే గీసిన.

వానలు పడ్డంక షాపు తెరిచినం. ఆయన నా పక్కన నిలబడేటోడు, నేను బ్లేడు ఉస్తరాతోని గీసేది. చానమంది అద్దంల నన్ను చూసి లేచి పోయిండ్రు. కొందరు కటింగు చేయించుకోని "గడ్డం తర్వాత చేయించుకుంట" అనేది. ఒకడు మాత్రం కూసోని, నేను చెంప సాపు చేస్తుంటే తప్పు మాటన్నడు. మా ఆయన వాని మెడకున్న గుడ్డ తీసేసి బయటికి తొవ్వ చూపించిండు. ఉన్నోళ్లల్ల నిలకడగ వచ్చింది ఒక్క ముసలాయన. బందైన చక్కెర ఫ్యాక్టరీల ముప్పై ఏండ్లు పని చేసిండు. బ్లేడు గీస్తే ఆయన తోలుకు పొక్కులు లేస్తయి. అందుకే ఆయన ఉస్తరా ఆయనకే ఒకటి, గుడ్డల చుట్టి మా షాపుల పెట్టుకుంటడు. ఇంకెవరికీ వాడం. నేను ఆయనను తాత అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డ అనేటోడు. గని ఆయన గడ్డం నేనెప్పుడు గీయలే. ముసలి తోలు, మెడ కింద వదులు వదులుగ వేలాడుతది, గొంతు ముడి పెద్దది. అది చూస్తే ఉస్తరా ఎక్కడ ఆనియ్యాలో తెల్వకపోయేది. మా ఆయననే, అప్పటికి జర అలవాటు చేసుకున్న ఎడమచేత్తోని ఆగి ఆగి, రెండుసార్లు కూసోని లేచి, ఎట్లనో చేసేటోడు.

చలి మొదలైన రోజులల్ల ఒక పొద్దు మా ఆయన చెయ్యి చూపించుకోనీకి బస్సుల నిజామాబాద్ పోయిండు. నేను షాపు ఊడుద్దామని తలుపు తీసిన. పది గొట్టంగ తాత వచ్చిండు.

"ఆయన లేడు తాతా. మూడింటికి వస్తడు."

"నేను బ్యాంకుకు పోవాలె బిడ్డ. పింఛనుకు బతికే ఉన్నట్టు కాయితమియ్యాలె, ఫోటో దిగాలె. రెండు దినాలాయె తిరుగుతున్న. ఈ మొఖంతోని ఫోటో దిగితే సచ్చినోడే అనుకుంటరు."

"నేను గీయలేను తాతా."

"నేను మరిగే పాకం పక్కన ముప్పై ఏండ్లు నిలబడ్డ. నీ చేతికి భయపడ్తనా? గియ్యి."

అని కుర్చీల కూసున్నడు. గని చేతులు కుర్చీ చెక్కలను గట్టిగ పట్టుకున్నయి. అది చూసి నాకు ఇంకింత భయమైంది.

తెల్ల గుడ్డ కట్టిన. వేడినీళ్ల తువ్వాల పెట్టిన. నురుగు పట్టించిన. ఇవన్ని మెల్లగ, ఎంత ఆలస్యమైతే అంత మంచిదన్నట్టు చేసిన. తోలు పట్టా మీద తాత ఉస్తరా రాస్తుంటే, ఎవరన్న వచ్చి అడ్డం పడితే బాగుండు అని తలుపు దిక్కు చూసిన. ఎవరు రాలే.

కుడి చెంప అయింది. కుడి దిక్కు దౌడ అయింది. తాత నుదురు మీద చెమట పట్టింది. చలికాలంల చెమట. నాకంటే ఎక్కువ భయపడుతున్నడనుకున్న. "తాతా, ఆపాల్నా?" అని అడిగిన. ఏదో అన్నడు, మాట ముద్ద ముద్దగ వచ్చింది. సబ్బు నోట్లకు పోతుందేమో, అందుకే నోరు తెరుస్తలేడనుకున్న. గొంతు కాడికి దిగిన. ఎడమచేత్తోని ముడి పక్కన తోలు సాపు చేసి, ఉస్తరా ఆనిచ్చిన.

అప్పుడే ఆయన తల ముందటికి పడ్డది.

నిద్ర వచ్చి ఊగినట్టు కాదు, సంచి కిందపడ్డట్టు పడ్డది. బరువంత ఉస్తరా మీదికి వస్తున్నది. నేను ఏమనుకున్ననో, ఏం చేసిననో అప్పుడు తెల్వది. తర్వాత చూసుకుంటే, నా ఎడమచెయ్యి రెండు వేళ్లు ఆయన గొంతుకు, అంచుకు నడుమ ఉన్నయి. కుడిచెయ్యిని ఎంత బలంగ వెనుకకు గుంజిననో, మోచెయ్యి పోయి అద్దానికి తగిలింది. తాత గదుమ రొమ్ము మీద వాలిపోయి ఉన్నది. తెల్లగుడ్డ మీద రక్తం కారుతున్నది, గుడ్డ మడతలల్ల జారి ఆయన ఒడిలకు పడుతున్నది.

అది నాదో, ఆయనదో నాకు ఎరుక లేదు.

చంపిన అనుకున్న. ఆ మాట తప్ప ఇంకో మాట నా తలకాయల లేదు. చంపిన, మనిషిని చంపిన. కాళ్లు కదలలే. ఆయన గదుమ ఎత్తి మెడ చూసేటందుకు ధైర్యం చాలలే. బయట కూరగాయల గంప ఎత్తుకొని పోతున్న ఒకామె లోపలికి తొంగి చూసింది. "ఓ అవ్వో, గొంతు కోసింది! ముసలోని గొంతు కోసింది!" అని గంప అక్కడనే పడేసి మొత్తుకున్నది. నిమిషంల తలుపు నిండ మనుషులు. ఎవరు లోపలికి రాలే. ఇద్దరు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నరు.

ఆ అరుపుకే నాకు కదలిక వచ్చింది. గదుమ ఎత్తి చూసిన. గొంతు మీద గీత గూడ లేదు. రక్తం నా వేళ్లది. తాత ఒళ్లంత చెమట, అంగి నానిపోయింది, ముట్టుకుంటే చల్లగున్నడు, పెదవులు అదురుతున్నయి. మా అత్తమ్మకు షుగర్ బీమారి. మందు వేసుకోని అన్నం తినని రోజు ఆమెకు ఇట్లనే చెమట పట్టి, మాట తడబడి, తల వాలేది. తాతకు గూడ షుగరే, చాయ్ తెప్పిస్తే ఎప్పుడు చక్కెర వద్దంటడు, గందుకే నాకెరుక.

"చక్కెర! ఎవరన్న చక్కెర తెండ్రి!" అని మొత్తుకున్న.

వాళ్లు నా దిక్కు చూసిండ్రు. మనిషిని కోసి చక్కెర అడుగుతుంది, దీనికి పిచ్చి లేచిందన్నట్టు చూసిండ్రు. ఒక్కరు జరుగలే. నేనే ఉరికిన. జనం చప్పున రెండు దిక్కులకు జరిగి తొవ్వ ఇచ్చిండ్రు, ఎందుకో అప్పుడు అర్థం కాలే. పక్కన చాయ్ హోటల్ కాడికి పోయి, గల్లపెట్టె ముందటున్న చక్కెర డబ్బ ఎత్తుకోంగనే హోటలాయన రెండు చేతులు పైకి లేపిండు. అప్పుడు చూసుకున్న. నా కుడిచేతుల తెరిచిన ఉస్తరా అట్లనే ఉన్నది.

దాన్ని అక్కడనే పొయ్యి గద్దె మీద పెట్టి, డబ్బ పట్టుకోని వచ్చిన. చక్కెర తడి చేసి తాత చెంప లోపల రాసిన, నాలుక కింద రాసిన. గుటక పడుతుందా అని గొంతు మీద చెయ్యి పెట్టి చూసిన. మళ్ల రాసిన. ఎంతసేపైందో తెల్వది, హోటలాయన గూడ లోపలికొచ్చి తాత తల పట్టుకున్నడు. "కండ్లు తెరువు పెద్దయ్యా, కండ్లు తెరువు" అంటున్నడు. జరసేపటికి తాత గుటక మింగిండు. ఇంకా కాసేపటికి కండ్లు తెరిచిండు. ఒడిల గుడ్డ మీద రక్తం చూసిండు, చెయ్యి పోయి మెల్లగ గొంతు తడుముకున్నది.

"నాదా బిడ్డ?"

"నీది కాదు తాతా. నాది."

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. హోటలాయన చాయ్ తెచ్చిండు, బిస్కెట్లు తెచ్చిండు. తాత చెప్పిండు: పొద్దుగాల రక్తం పరీక్షకు పరగడుపున పోయిండట, అలవాటు చొప్పున షుగరు గోలి వేసుకున్నడట, బ్యాంకుకు పోయినంక తిందామనుకున్నడట. కొడుకుకు ఫోన్ చేస్తే, అరగంటల వచ్చి దవఖానకు తీస్కపోతనన్నడు. తలుపు కాడి జనం మాత్రం పోలే.

తాత అద్దంల చూసుకున్నడు. ఒక దిక్కు నున్నగ, ఒక దిక్కు ఎండిపోయిన నురుగు.

"మిగిలింది?" అన్నడు.

"వద్దు తాతా. నాతోని కాదు. చేతులు చూడు."

రెండు చేతులు చాపి చూపించిన. చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నయి. ఎడమచేతి రెండు వేళ్లకు హోటలాయన గుడ్డ చుట్టిండు, గుడ్డ అప్పటికే ఎర్రగున్నది.

"తగ్గేదాక కూసుంట. నా కొడుకు వస్తడు, వాన్ని గూడ కూసోమంట. ఇట్ల పోతే రేపటి నుంచి నీ షాపుకు ఎవడన్న వస్తడా?"

నేను ఆ సంగతి యాది గూడ చేసుకోలే. ఆయన యాది చేసుకున్నడు, పానం పోయి వచ్చిన మనిషి.

చేతుల వణుకు జర తగ్గినంక హోటల్ కాడి ఉస్తరా తెచ్చి వేడినీళ్లల్ల కడిగిన. మళ్ల నురుగు పట్టించిన. తోలు సాపు చేసేటందుకు నాకు ఎడమచెయ్యి లేదు, వేళ్లకు గుడ్డ, వంగుతలేవు. అది చూసి తాతనే తన చెయ్యి ఎత్తి, రెండు వేళ్లతోని తన చెంప తనే మీదికి గుంజి పట్టుకున్నడు. "గియ్యి" అన్నడు. ఆయన పట్టుకున్నంత మేర నేను గీసిన. ఆయన వేళ్లు కిందికి జరిపిండు, నేను కిందికి వచ్చిన. గొంతు కాడ ఆయన వేళ్లు గూడ వణికినయి. ఇద్దరం ఆగినం. ఊపిరి తీసుకున్నం. మళ్ల గీసిన. ఆ కాసేపు నేను భయం లేకుండ ఉన్ననని చెప్పను. అయిపోంగనే తాత కొడుకొచ్చి ఆయనను దవఖానకు తీస్కపోయిండు.

మూడింటికి మా ఆయన బస్సు దిగుతుంటేనే ఎవరో చెప్పిండ్రట, నీ భార్య ఎవరిదో గొంతు కోసిందని. బస్టాండు నుంచి ఉరికొచ్చిండు. అప్పటిదాక లేవలేక కూసున్న నేను, షాపుల నేల కడుగుతున్న. నన్ను చూసి, నేల మీద నీళ్లల్ల ఎరుపు చూసి, గోడ పట్టుకోని కూసుండిపోయిండు. సంగతంత చెప్పిన. ఆయన నా వేళ్ల గుడ్డ ఎడమచేత్తోని విప్పి చూసి, మళ్ల కట్టేటందుకు చూసిండు, ఒక్క చేత్తోని ముడి పడలే. అత్తమ్మ వచ్చి ముడేసింది.

"నేనైతే ఉస్తరా ఇడిసిపెడుదును" అన్నడు. "వేళ్లు నడుమ పెట్టాలన్న తెలివి నాకు వచ్చేది కాదు."

"తెలివి కాదు. నాకు తెల్వకుండనే పోయినయి."

ఆ తర్వాత పదకొండు రోజులు నేను పర్ద దాటలే. ఫోన్లల్ల ఆ వీడియో తిరిగింది. ఉస్తరా పట్టుకోని రోడ్డు మీద ఉరుకుతున్న ఆడది, అంతే, చక్కెర సంగతి అందుల లేదు. నిజామాబాద్ నుంచి మా అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. ఇగ ఇది నాకు వద్దు, బీడీలే చాలు అనుకున్న. పన్నెండో రోజు తాత వచ్చి, మా ఆయనను పక్కకు జరగమని కుర్చీల కూసున్నడు. కడుపు నిండ తిని వచ్చిన అని పర్ద దిక్కు మొఖం పెట్టి గట్టిగ చెప్పిండు. నేను ఇంకో నాలుగు బీడీలు చుట్టిన. అత్తమ్మ బీడీల చాట నా ముందట నుంచి జరిపేసి, "ముసలోడు ఎంతసేపు కూసుంటడు, పో" అన్నది.

ఇది జరిగి నాలుగేండ్లయింది. మా ఆయన ఎడమచేత్తోని కటింగు చేస్తడు, గడ్డాలు నావి. తాత ఇప్పటికి వస్తడు, ఆయన గొంతు కాడికి రాంగనే ఇప్పటికి తిన్నవా అని అడుగుత. వేళ్లు రెండు చలికాలంల సరిగ్గ వంగవు. భయం తగ్గిందా అని ఎవరన్న అడిగితే, తగ్గలేదనే చెప్త. అలవాటైంది, అంతే.

పోయిన వారం మహారాష్ట్ర సరిహద్దు అవతల నుంచి అంగడికి వచ్చిన ఒకాయన షాపుల అడుగు పెట్టి, నన్ను చూసి తలుపు కాడనే ఆగిండు. మరాఠీల ఏదో అడిగిండు. మా ఆయన, ఆమెనే గీస్తది, కూసో అన్నడు. ఆయన కుర్చీల కూసున్నడు గని కండ్లు మూసుకోలే. నేను కొత్త బ్లేడు పెడుతుంటే నా చేతులనే చూస్తున్నడు. నా గుండె కొట్టుకునుడు ఆయనకు వినబడుతుందేమో అనిపించింది. ఆయన గొంతు మీద నరం గూడ గట్లనే కొట్టుకుంటున్నది. చెంప సాపు చేసి, చెవి కింది నుంచి మొదలుపెట్టిన.